ఫోనుకు ఇంట్ల ఒక జాగ చూపియ్యండి: రాత్రిపూట, ఆదివారం పొద్దున పక్కన పెట్టుడు ఎట్ల?

నల్లగొండల నాది సెల్‌ఫోన్ రిపేర్ దుకాణం. పద్నాలుగేండ్ల సంది నడుపుతున్న. మొదట్ల కౌంటర్ కాడికి వచ్చేటోళ్లు “డిస్‌ప్లే పోయింది”, “చార్జింగ్ ఎక్కుతలేదు” అని వచ్చేది. ఇప్పుడు ఇంకో రకం గిరాకి మొదలైంది. ఫోను మంచిగనే ఉంటది. తెచ్చిన తల్లి మొఖమే వాడిపోయి ఉంటది. “అన్నా, దీనికేదన్న తాళమెయ్యి. మా పోరడు బువ్వ తినేటప్పుడు సుత వదుల్తలేడు.”

తాళం అయిదు నిమిషాల్ల వేసిస్త. పోరడు మూడు రోజుల్ల తీస్తడు. తీసుడు రాకపోతే దోస్తుగాడిని అడుగుతడు. అందుకే ఈ మధ్య నేను తాళం సంగతి పక్కన పెట్టి ఒకటే అడుగుతున్న: “అమ్మా, రాత్రి నీ ఫోన్ యాడుంటది?” పదిమందిని అడిగితే పదిమందీ చెప్పేది దిండు కిందనే.

అందరికీ విడివిడిగ చెప్పి నోరు నొస్తుంది. అందుకే రాసి పెడుతున్న. ఫోను మానెయ్యమని నేను చెప్పట్లే. అట్ల చెప్తే నా పొయ్యి ఎట్ల వెలుగుతది? ఇంట్ల చెప్పులకు గడప బయట ఒక జాగ ఉన్నది, బీరువా తాళానికి ఒక మొల ఉన్నది. ఫోనుకే ఏ జాగా లేదు. జాగ లేని వస్తువు చేతులనే ఉంటది. దానికి ఒక మూల చూపిచ్చి, అది ఆ మూలనే ఉండేటట్టు చూసుడే ఇక్కడి పని అంత.

ఎందుకు వదలబుద్ధి కాదంటే, ఒక్క ముక్కల చెప్పి ముందుకు పోత. మనదిక్కు బోరు వేయించినోళ్లకు ఈ బాధ తెలుసు. అయిదు వందల ఫీట్లు దింపినా నీళ్లు పడవు. “ఇంకో ఇరవై ఫీట్లు దింపుదాం, పడతయేమో” అనిపిస్తది. పడకపాయె, ఇంకో ఇరవై. రీల్స్ గట్లనే ఉంటయి. ముందట ఇంటర్నెట్ల పేజీకి ఒక అడుగు ఉండేది, అయిపోయినంక ‘తర్వాతి పేజీ’ అని నొక్కాల్సి వచ్చేది. 2006ల అజా రాస్కిన్ అనే అమెరికా డిజైనర్ ఆ అడుగు లేకుంట చేసిండు, వేలితోని జరుపుతుంటే వస్తనే ఉంటది. తర్వాత ఆయనే దానికి బాధపడ్డడు. ఇగ మనకు 2016 సెప్టెంబర్ల జియో వచ్చినంక డేటా లెక్క చూసుకునుడు పోయింది. ఆగడానికి ఉన్న రెండు అడ్డాలూ అట్ల పోయినయి. మీ ఒక్కరి మనసు బలహీనమని కాదు.

ముందుగాల సమకూర్చుకోవాల్సినవి

– అలారం గడియారం ఒకటి. మామూలు సెల్లు వేసేది. ఇది లేకుంట మొదలుపెట్టకండి. “పొద్దుగాల లేవాలె గదా” అని ఫోనును మళ్లా మంచం కాడికి తెచ్చేది ఇదే సాకు. గడియారం పేరు మీదనే చౌరస్తా ఉన్న ఊరోళ్లం మనం, అయినా దుకాణంల అడిగితే “అలారం గడియారమా? ఇప్పుడెవరు కొంటున్నరు?” అన్నడు. ప్రకాశం బజార్ల రెండు దుకాణాలు తిరిగితే దొరికింది. కొనేముందు చెవికాడ పెట్టుకొని చూడండి, కొన్నిటి టిక్‌టిక్‌కు నిద్ర పట్టదు. ముల్లు ఆగకుంట జారేది అయితే సప్పుడు రాదు.

– మూత లేని బుట్ట, లేదా వెడల్పు స్టీలు పళ్లెం. మూతున్న డబ్బా వద్దు. చార్జింగ్ పెట్టిన ఫోను మూసిన డబ్బాల వేడెక్కుతది, బ్యాటరీ ఉబ్బుతది. దుప్పటి మీద, దిండు కింద పెట్టి చార్జింగ్ చేసుడు దానికంటే అన్యాయం. ఉబ్బి వెనక డోరు లేచిన ఫోన్లు నా టేబుల్ మీదికి వస్తనే ఉంటయి.

– టార్చిలైటు. కరెంటు పోతే ఫోన్ లైటు కోసం లేచి, పనిలపనిగ ఒకసారి చూసి, అర్ధగంట అక్కడనే నిలబడకుంట.

– నోటుబుక్కు, పెన్ను. జేబుల అయిదువందల చిల్లర.

– వీలైతే కీప్యాడ్ ఫోను. ఖచ్చితంగ ఉండాలని ఏం లేదు. కొనేటట్టయితే ఒక జాగ్రత్త: మీ సిమ్ జియోది అయితే పాత 2జీ డబ్బా ఫోన్ల పనిచెయ్యదు. జియోకు 2జీ లేదు. 4జీ కీప్యాడ్ ఫోనే కావాలె. అటకమీద ఉన్న పాత ఫోను తీసి, సిమ్ వేసి, “సిగ్నలే వస్తలేదు, రిపేరు చెయ్యి” అని నెలకు ఇద్దరన్న వస్తరు.

1. మూడు రోజులు ఏం మార్చకుంట లెక్క చూడండి

ఆండ్రాయిడ్ ఫోన్ల సెట్టింగ్స్‌ల ‘డిజిటల్ వెల్‌బీయింగ్’ అని ఉంటది. ఐఫోన్ల ‘స్క్రీన్ టైమ్’. తెరిస్తే మూడు సంగతులు దొరుకుతయి: రోజుకు ఎన్ని గంటలు, ఎన్నిసార్లు లాక్ తీసిన్రు, ఏ యాప్‌కు ఎంత పోయింది. మూడు రోజులవి నోటుబుక్కుల రాసుకోండి. పక్కన ఇంకో గీత గీసి, రాత్రి 10 దాటినంక ఎంత చూసిన్రో అది వేరేగ రాయండి. గంటల వారీగ చూపించే గ్రాఫ్ల అది కనవడుతది.

చానామంది గంటల లెక్క చూసి గుండె బాదుకుంటరు. దాన్ని అంత పట్టించుకోకండి. మీరు ఆటో నడుపుకుంట మ్యాప్ పెట్టుకున్నా, వంట వీడియో పెట్టి పులుసు చేసినా అది అందులనే కలుస్తది. అసలు చూడాల్సింది లాక్ ఎన్నిసార్లు తీసిన్రనేది. నాది మొదటిరోజు 143 వచ్చింది. దుకాణంల పని చేసేది అందుల సగమన్న ఉంటదని నాకు నేను సర్దిచెప్పుకున్న. మరి ఆ ఆదివారం దుకాణం బంద్. 151.

ఈ లెక్క ఇంట్ల ఎవ్వరికీ చూపియ్యకండి, ఎవ్వరిదీ అడగకండి. మొగుడుపెండ్లాలు ఒకరి లెక్క ఒకరు చూసుకుంటే పని పక్కకు పోయి పంచాయితీ మొదలైతది.

2. నిజంగ మీరు కావాల్సినోళ్లు ఎవరో రాయండి

“అర్ధరాత్రి ఏదన్న అర్జంటు వస్తే ఎట్ల?” అని అందరు అడుగుతరు. న్యాయమైన ప్రశ్ననే. దానికి ముందుగాల తొవ్వ చెయ్యకపోతే రెండోరాత్రే ఫోను మంచం ఎక్కుతది.

నోటుబుక్కుల రాయండి: రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే మీరు లేవాల్సిన మనుషులు ఎవరు? అమ్మానాయిన, హైదరాబాద్ హాస్టల్ల ఉన్న బిడ్డ, పక్కింటాయన. మామూలుగ అయిదారుగురు దాటరు. బాయికాడ మోటరుకు సిమ్ స్టార్టర్ ఉన్న రైతులు ఆ స్టార్టర్ నంబరు సుత రాసుకోవాలె, కరెంటు వచ్చినా మోటరు ఆగినా అదే ఫోన్ చేస్తది గనక.

ఆ నంబర్లను కాంటాక్ట్స్‌ల తెరిచి చుక్కగుర్తు (స్టార్) పెట్టండి. తర్వాత ఫోను మోత ఆపే ‘డు నాట్ డిస్టర్బ్’ సెట్టింగ్‌ల కాల్స్ అనేకాడ చుక్కగుర్తు ఉన్నోళ్లకే అనుమతి ఇయ్యండి. అక్కడనే ‘రిపీట్ కాలర్స్’ అని ఇంకోటి ఉంటది, దాన్ని ఆన్ చెయ్యండి. ఒకే నంబరు నుంచి 15 నిమిషాలల్ల రెండోసారి ఫోన్ వస్తే మోగుతది. కొత్త నంబర్ నుంచి యాక్సిడెంట్ కబురు వచ్చినా రెండోసారికి మీకు వినవడుతది. ఐఫోన్ల ఈ గడువు 3 నిమిషాలే.

సెట్ చేసి వదిలెయ్యకండి, పరీక్ష చెయ్యండి. చుక్కగుర్తు ఉన్నోళ్ల ఫోను నుంచి ఒకసారి, లేనోళ్ల ఫోను నుంచి ఒకసారి, మళ్లా అదే ఫోను నుంచి వెంటనే రెండోసారి. మొదటిది మోగాలె, రెండోది మోగొద్దు, మూడోది మోగాలె. రింగు సౌండు ఫుల్లు పెట్టండి, ఫోను హాల్ల ఉంటది మీరు అర్రల ఉంటరు.

జాగ్రత్త: వాట్సాప్ కాల్‌కు ఈ ఏర్పాటు నమ్మకంగ పనిచెయ్యదు. ఇంటోళ్లకు ముందే చెప్పండి, “అర్జంటు ఉంటే మామూలు కాలే చెయ్యాలె” అని.

పాలమూరు దిక్కు చానా ఇండ్లల్ల ఒక మనిషి బొంబాయిలనో పుణెలనో పనిమీద ఉంటడు. పని దిగి, వంట చేసుకొని, అప్పుడు ఫోన్ పడుతడు. ఇంటికాడోళ్లకు అదే రోజంతటికీ ముచ్చట. దుబాయిల ఉన్నోళ్లయితే వాళ్లకు రాత్రి 9 అయితే మనకు పదిన్నర. మీ ఇంట్ల అట్లాంటి మనిషి ఉంటే తొమ్మిదిన్నరకు ఫోను బుట్టల వెయ్యాలనే నియమం మీకు పనికిరాదు. ఆయనతోని మాట్లాడినంకనే వెయ్యండి. ఫోను ఉన్నదే దానికోసం.

3. నోటిఫికేషన్ల మోత బంద్ చెయ్యండి

ఒక ఆదివారం మధ్యాహ్నం గంటసేపు కూసుంటే అయిపోతది. సెట్టింగ్స్‌ల నోటిఫికేషన్లు తెరిచి యాప్ యాప్‌కు చూడండి. ఉంచాల్సినవి: కాల్స్, ఎస్సెమ్మెస్‌లు, బ్యాంకు, డబ్బులు పంపే యాప్. మిగిలినవన్నీ తీసెయ్యండి. బట్టలమ్మే యాప్ రాత్రి పదకొండింటికి “మీ కోసం ఎదురుచూస్తున్నం” అని పంపుతది. ఎందుకు ఎదురుచూస్తదో నాకు ఇప్పటికీ సమజ్ కాలే.

వాట్సాప్ గ్రూపులను మూడు కుప్పలు చెయ్యండి. బడి గ్రూపు, ఆఫీసు గ్రూపు ఉంచండి. చుట్టాలది, పదో తరగతి బ్యాచ్‌ది, కాలనీది మ్యూట్ చెయ్యండి. అడిగినప్పుడు 8 గంటలు, వారం అనేవి కాకుంట ‘ఎల్లప్పుడూ’ అనేది పెట్టండి, ఆర్కైవ్‌ల పడెయ్యండి. మ్యూట్ చేసినట్టు వాళ్లకు తెల్వదు, అలగరు. మీరెందుకు ఉన్నరో మీకే తెల్వని గ్రూపుల నుంచి బయటికి రండి. ఫొటోలు, వీడియోలు వాటంతట అవి డౌన్‌లోడ్ అయ్యేది సుత ఆపెయ్యండి, శుభోదయం బొమ్మలతోని నిండిన ఫోన్లు నా కాడికి “మెమొరీ ఫుల్” అని వస్తయి.

అంగన్‌వాడీ టీచర్లు, పంచాయతీ కార్యదర్శులు, బడి పంతుళ్లు నన్ను తిడుతరు, “మాకు ఆర్డర్లే రాత్రి తొమ్మిదింటికి గ్రూపుల పడుతయి, మ్యూట్ ఎట్ల చేస్తం?” అని. మీరు చెయ్యలేరు, నిజమే. ఆ ఒక్క గ్రూపుకు మోత ఉంచి, మిగిలిన వాటికి తీసెయ్యండి. లేదంటే తొమ్మిదిన్నరకు ఒక్కసారి చూసి, పొద్దుగాల ఆరున్నరకు ఇంకోసారి చూస్తనని పైవాళ్లకు చెప్పి చూడండి. వింటరని హామీ ఇయ్యలే.

యూట్యూబ్‌కు ఒక ఉపాయం. సెట్టింగ్స్‌ల మీరు చూసిన వీడియోల హిస్టరీని తుడిచేసి, ఇకముందు దాచుకోకుంట ఆఫ్ చెయ్యండి. మొదటి పేజీ ఖాళీగ వస్తది, ఏం వీడియోలు కనవడవు. కావాల్సింది వెతుక్కొని చూడాలె. పత్తికి ఏ మందు కొట్టాలని వెతికితే అదే వస్తది, పక్కన ఎవరో ఎవరినో కొట్టే వీడియో రాదు. షార్ట్స్ బటన్ మాత్రం కిందనే ఉంటది. ఇన్‌స్టాగ్రామ్‌కయితే యాప్ తీసేసి, చూడాలనుకున్నప్పుడు బ్రౌజర్ల చూడండి. అంత సాఫీగ నడవదు. నడవకుంటనే మీకు విసుగొచ్చి మూసేస్తరు.

యాప్ టైమర్లు, ఫోను తెరను నలుపు తెలుపు చేసుడు, ఇవి సుత ఉన్నయి. నేను రెండూ పెట్టి చూసిన. టైమర్ అయిపోయిందని చూపిస్తే “ఇయ్యాల ఒక్కరోజే” అని నేనే తీసేసుకున్న. నలుపు తెలుపు కొందరికి మంచిగ పనిచేస్తది, ముఖ్యంగ రాత్రిపూట.

4. మూల చూపియ్యండి

అసలు పని ఇది. హాల్ల ఒక మూల, నలుగురికీ కనవడేకాడ, ప్లగ్గు దగ్గర. పడక అర్ర కాదు. వంటింట్ల వద్దు, ఆవిరి, నూనె జిడ్డు పడుతది. బుట్ట పెట్టండి. ఇంట్ల ఉన్న చార్జర్లన్నీ అక్కడికే తెండి. పడక అర్ర ప్లగ్గుల ఒక్క వైరు మిగిలినా ఆ వైరు వెనకనే ఫోను పోతది.

మొదటివారం పడుకునే ముందు అర్ధగంట చాలు. తొమ్మిదిన్నరకు పడుకునేటోళ్లు తొమ్మిదికి వెయ్యండి. సాయంత్రం ఆరింటి నుంచే వేస్తమని శపథం పట్టినోళ్లను చూసిన, మూడోనాడు బుట్టల ఉల్లిగడ్డలు ఉన్నయి.

మొదటి రాత్రి ఎట్లుంటదో చెప్త. మా ఇంట్ల మేం నలుగురం. బుట్టల నాలుగు ఫోన్లు పడ్డయి, లైటు తీసినం. పది నిమిషాలకు నా చెయ్యి దానంతట అది దిండు కిందికి పోయింది. దువ్వెన తగిలింది. నా భార్య నవ్వింది, ఆమె చెయ్యి సుత అప్పటికే ఒకసారి పోయి వచ్చిందట. అర్ధగంటకు నీళ్లు తాగనీకి లేచిన, హాల్ల బుట్ట కాడ మా పోరడు నిలబడి ఉన్నడు. ఏడో తరగతి. “నీళ్లకొచ్చిన నాయినా” అన్నడు. నేను సుత “నీళ్లకే” అన్న. ఇద్దరం నీళ్లు తాగి పోయి పండుకున్నం.

అయిదారు రాత్రులు గిట్లనే ఉంటది. నిద్ర పట్టకపోతే లేచి కూసోండి, బుట్ట కాడికి మాత్రం పోకండి. ఒకవేళ పోయిన్రు, చూసిన్రు అనుకోండి, ఆ రాత్రి లెక్క పోయింది గంతే. “ఎట్లగూ పాడైంది” అని రెండు గంటలు అక్కడనే నిలబడుడే అసలు తప్పు.

మా అమ్మ సంగతి వేరే. ఆమెకు రాత్రి భజనలు వినుకుంట పడుకునే అలవాటు, యూట్యూబ్ల. నాలుగోనాడు పొద్దుగాల “నా ఫోన్ గుంజుకున్నవు, నన్నేదో చిన్నపోరిని చేసినవు” అని మొఖం చిన్నబుచ్చుకుంది. తప్పు నాదే. ముసలోళ్ల ఫోను జోలికి అడగకుంట పోకండి, వాళ్లకు పొద్దు పోయేదే అండ్ల. తర్వాత పాటలు నింపిన చిన్న స్పీకర్ ఒకటి తెచ్చి మంచం కాడ పెట్టిన. నెల దాటినంక ఆమెనే ఫోను తెచ్చి బుట్టల వేస్తుంది, రోజూ కాదు.

5. ఆదివారం పొద్దుగాల నుంచి పన్నెండు దాకా

రాత్రి రెండువారాలు నిలబడినంకనే దీనికి రండి. ముందుగాల చెయ్యకండి.

ముందటి రోజే చూసుకోవాల్సినవి చెప్త, ఎందుకంటే నేను చూసుకోక ఇరుక్కున్న. మొదటిసారి శనివారం ఖాళీ దొరికిందని ఫోను బీరువాల పెట్టి బయటికి పోయిన. గ్యాస్ బండి వచ్చింది. సిలిండర్ ఇయ్యాలంటే ఫోనుకు వచ్చిన నంబరు చెప్పాలె గదా. ఫోను బీరువాల, బీరువా తాళం నా జేబుల, నేను చెరువుకట్ట మీద. బండి ఎల్లిపోయింది. మూడు రోజులు పక్కింటి నుంచి అప్పు తెచ్చుకున్న సిలిండర్ మీద వంట. అందుకని ఫోనుకు తాళం వెయ్యకండి. బుట్టల పెట్టండి, ఇంట్ల ఎవరన్న ఉంటే వాళ్లకు చెప్పి పోండి. ఓటీపీ రావాల్సిన పనులేమన్న ఉంటే ముందురోజే చేసుకోండి. జేబుల నగదు ఉంచుకోండి, ఇప్పుడు కొబ్బరిబొండం కాడ సుత క్యూఆర్ చూపిస్తరు, నగదు ఇస్తే చిల్లర లేదంటరు. అందుకే చిల్లర.

కీప్యాడ్ ఫోను తీసుకపోయేటోళ్లు సిమ్‌ను ఆ ఫోను నుంచి ఈ ఫోనుకు మార్చకండి. సిమ్ తీస్తే కొన్ని యూపీఐ యాప్‌లు మళ్లా మొదటి నుంచి రిజిస్టర్ చెయ్యమంటయి. దానికి ఇంకో సిమ్ వేసి, మీ నంబరుకు వచ్చే కాల్స్‌ను ఫోను సెట్టింగ్స్‌ల కాల్ ఫార్వర్డింగ్ పెట్టి దానికి మళ్లించండి. మెసేజ్‌లు మళ్లవు, కాల్సే మళ్లుతయి. ఇంటికొచ్చి తీసెయ్యడం యాది మరవకండి. ఎవరన్న ఫోన్ చేసి “కొరియర్ వచ్చింది, ఈ కోడ్ కొట్టండి” అంటే ఎట్టి పరిస్థితుల్ల కొట్టకండి. మీ కాల్స్ వాళ్లకు మళ్లేటట్టు చేసే మోసం అది. డబ్బులు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలె.

ఇగ పోయేది యాడికి? మాకు దగ్గర పానగల్లు. పిల్లలున్నోళ్లకు నేను చెప్పేది ఛాయా సోమేశ్వరాలయం. గర్భగుడిల లింగం వెనక గోడ మీద పొద్దంత ఒక స్తంభం నీడ పడే ఉంటది. సూర్యుడు కదులుతడు, నీడ కదలదు. అది ఏ స్తంభం నీడ? మా పోరడు ఒక్కో స్తంభానికి చెయ్యి అడ్డం పెట్టి, ఉరికొచ్చి లోపల చూసి, మళ్లా ఉరికిండు. నలభై నిమిషాలు. జవాబు నేను చెప్పలే, ఇక్కడ సుత చెప్పను. ఫోను ఉంటే యాభై సెకన్లల్ల వీడియో చూసి బయటికొద్దుము. అక్కడ నుంచి ఉదయసముద్రం కట్ట మీద నడిచొచ్చినం.

మహబూబ్‌నగర్ వాళ్లకు పిల్లలమర్రి ఉన్నది. అచ్చంపేట దిక్కోళ్లకు ఇంకా సులువు, మన్ననూరు చెక్‌పోస్టు దాటి నల్లమలల పడితే చానాచోట్ల సిగ్నలే ఉండదు. కాని ఆ తొవ్వల పోయేటప్పుడు ఎప్పుడు వస్తరో ఇంటికాడ చెప్పి పోండి. రాత్రి 9 నుంచి పొద్దుగాల 6 దాకా అడవి తొవ్వ బంద్ ఉంటది, లెక్క వేసుకొని బయలెల్లండి.

ఎటూ పోబుద్ధి కాకపోతే ఇంట్లనే ఉండండి. చేతులకు పని ఉండాలె, గంతే. పల్లికాయ ఒలుచుడు, చింతపండు గింజ తీసుడు, పచ్చీస్ ఆడుడు. పిల్లలు “బోర్ కొడుతుంది” అంటరు. అన్ననియ్యండి. అర్ధగంట అంటనే ఉంటరు, మీరు ఉరుకులాడి ఆట చూపియ్యకండి. తర్వాత వాళ్లే ఏదో తవ్వుతరు. మా ఇంట్ల తవ్వింది నా పాత స్క్రూడ్రైవర్ల డబ్బా, దాంతోని మా పోరడు గోడ గడియారం విప్పిండు. అది ఇంకా పనిచేస్తలేదు.

6. పిల్లల సంగతి

రెండేండ్ల లోపు పిల్లలకు బువ్వ తినిపియ్యనీకి ఫోను చూపిస్తున్నరంటే ఇవ్వాళ్టి నుంచే ఆపండి. ఏడాది నిండని పిల్లలకు తెర వద్దే వద్దని, రెండు నుంచి నాలుగేండ్ల పిల్లలకు రోజుకు గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019ల చెప్పింది. రెండుమూడు రోజులు ఏడుస్తరు, తక్కువ తింటరు. తర్వాత తింటరు.

బడిపిల్లలకు హోంవర్క్ ఫోనుకే వస్తుంది. పిల్లగాడు ఫోను తీసుకొని, నోటుబుక్కుల ఎక్కించుకొని, మళ్లా బుట్టల పెట్టాలె. ఫోను ముందట పెట్టుకొని రాసుడు వద్దు. క్లాసు వీడియోలు చూడాల్సి వస్తే టీవీల పెట్టండి, హాల్ల అందరి ముందట.

ఫోనును బహుమతి చెయ్యకండి, శిక్ష సుత చెయ్యకండి. “మార్కులు వస్తే ఇస్త, రాకుంటే గుంజుకుంట” అన్నకొద్దీ దాని విలువ పెరుగుతది. అన్నిటికంటే ఎక్కువ ఇండ్లల్ల చేసే తప్పు, పిల్లల ఫోను బుట్టలకు, నాయిన ఫోను జేబులకు. అట్లయితే మొదలే పెట్టకండి.

సరిగ్గ అవుతుందో లేదో ఎట్ల చూడాలె

రెండువారాలకు అదే నోటుబుక్కు తీసి అవే లెక్కలు రాయండి. గంటలు పెద్దగ తగ్గకపోవచ్చు, కంగారు పడకండి. రాత్రి 10 తర్వాతి లెక్క సున్నకు దగ్గరకు రావాలె, లాక్ తీసిన సంఖ్య తగ్గాలె. నాది తొంభై దగ్గర ఆగింది, ఇంక కిందికి దిగుతలేదు.

దీనికంటే నమ్మకమైన పరీక్ష రిపేరోడిగ నాకు తెలిసింది ఒకటున్నది. రాత్రి బుట్టల వేసేటప్పుడు చార్జింగ్ ఎంత మిగిలిందో రోజూ రాయండి. బ్యాటరీ అబద్ధం చెప్పదు. మొదటివారం నాది 12, 9, 15 పర్సెంట్ ఉండేది, ఇప్పుడు నలభై పైన ఉంటుంది. మధ్యాహ్నం మళ్లా చార్జింగ్ పెట్టాల్సి వస్తుందంటే పగటిపూట ఎక్కడో జారిపోతున్నరు. ఫోను పాతదయితే బ్యాటరీ అరిగి సుత తొందరగ దిగుతది, అప్పుడు మొదటివారానికీ రెండోవారానికీ తేడా మాత్రమే చూడండి.

రాత్రి అంత సక్కగ నడిచి పగటిపూట పెరిగిందంటే, మూడో మెట్టు సరిగ్గ చెయ్యలే. నోటిఫికేషన్లు మళ్లా చూడండి, కొత్తగ వేసిన యాప్‌లు అడగకుంటనే గంటలు కొడుతుంటయి.

నెల గడిచినా ఏం మార్పు లేదు, ఫోను దొరకకపోతే చేతులు వణుకుడు, ఇంటోళ్లను కొట్టబోవుడు, బడికి పోకపోవుడు ఉందంటే అది బుట్టతోని అయ్యే పని కాదు. మనసు బాధలకు సర్కారు పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి, పైసలు పడవు, ఏ యాళ్లకైనా తెలుగుల మాట్లాడుతరు. ఆన్‌లైన్ రమ్మీ, బెట్టింగ్ ఆడుతున్నట్టు అనుమానముంటే ఫోను సంగతి తర్వాత, ముందుగాల బ్యాంకు మెసేజ్‌లు చూడండి, అప్పుల యాప్‌లు ఉన్నయేమో చూడండి. పైసలు పెట్టి ఆడే రమ్మీ మన రాష్ట్రంల 2017 నుంచే నిషేధం, అయినా నా టేబుల్ మీదికి వచ్చే ఫోన్లల్ల కనవడుతనే ఉంటయి.

ఇంకేమన్న అడగాలనుకుంటే దుకాణానికి రండి. ఆదివారం పన్నెండు దాకా షట్టర్ వేసే ఉంటది. అర్జంటయితే ఫోన్ చెయ్యండి, మొదటిసారి ఎత్తకపోతే వెంటనే రెండోసారి చెయ్యండి.